ట్రాక్ డే (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) కోసం మామూలు కారులో ముందుగా ఏం మార్చాలి?

ఇంజన్ జోలికి పోకుండా ముందు బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని బ్రేకులకు చేర్చే ద్రవం), బ్రేక్ ప్యాడ్లు (డిస్కును నొక్కి పట్టే పలకలు) మార్చండి. వేగం రెట్టింపైతే బ్రేకులు వేడిగా మార్చాల్సిన శక్తి నాలుగింతలవుతుంది, ట్రాక్ మీద అవి చల్లారే వ్యవధేమో తక్కువ. ఉదాహరణకు, గంటకు 160 కిలోమీటర్ల వేగాన్ని 80కి దించితే పుట్టే వేడి, 80 నుంచి పూర్తిగా ఆపితే పుట్టేదానికి దాదాపు మూడు రెట్లు. అదీ ప్రతి ల్యాప్‌లోనూ. డాట్ 4 అనే ప్రామాణిక రకం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ మెత్తబడుతుంది, ఒక్కోసారి నేలకే దిగిపోతుంది. పెడల్ గట్టిగానే ఉన్నా కారు నెమ్మదించకపోతే మాత్రం అనుమానించాల్సింది ప్యాడ్లనే. పూర్తి రేసింగ్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు, కాబట్టి అదే కారులో ఇంటికి వెళ్లేవాళ్లకు అవి వద్దు.

పెద్ద డిస్కులు వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుందన్నది చాలామంది పొరపాటు. ఉన్న బ్రేకులే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను పనిచేయించగలిగితే, ఒక్కసారి ఆగే దూరాన్ని తేల్చేది టైర్ల పట్టే. పెద్ద డిస్కు వేడిని ఎక్కువగా తట్టుకుంటుంది, అంతే.