యూఎఫ్‌సీనా, పీఎఫ్‌ఎల్‌నా? ముందు కాగితం చదవమనండి

డబ్లిన్‌లో మీతో ఎంఎంఏ (మిశ్రమ యుద్ధకళలు) సాధన చేసే మిత్రుడికి నాలుగు ప్రొఫెషనల్ విజయాలే ఉన్నాయనీ, ఓ చిన్న సంస్థ అయిదు పోటీల ఒప్పందం పంపిందనీ, సంతకం చేస్తే ఈ ఆటలో అతిపెద్ద సంస్థ యూఎఫ్‌సీకి వెళ్లే దారి మూసుకుపోతుందేమోనని భయపడుతున్నాడనీ రాశారు. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు.

అతను చూడాల్సింది పారితోషికం అంకె కాదు, విడుదల నిబంధన. యూఎఫ్‌సీ పిలిస్తే మధ్యలో వదిలేస్తామని రాతపూర్వకంగా ఉందా? నోటిమాటను నమ్ముకోవద్దనండి. గడువు ముగిశాక కూడా వేరేవాళ్ల ప్రతిపాదనను ముందు తమకే చూపాలని కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది, అదీ వెతకమనండి.

నన్నడిగితే ఐరోపాలోని ఎంఎంఏ పోటీల సంస్థ కేజ్ వారియర్స్ వైపు ప్రయత్నించమంటాను. ఐర్లాండ్ ఫైటర్ కానర్ మెక్‌గ్రెగర్ 2012లో అక్కడ రెండు బరువు విభాగాల్లో టైటిళ్లు గెలిచాకే 2013 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్‌లో యూఎఫ్‌సీ బోనులో అడుగుపెట్టాడు. 67 సెకన్లలో నాకౌట్, 60 వేల డాలర్ల బోనస్! అంతకు కొద్దిరోజుల ముందు దాకా నిరుద్యోగ భృతి మీదే బతికాడు మరి. ఇయాన్ గ్యారీ కూడా 2021లో అక్కడ బెల్టు గెలిచి, అదే ఏడాది యూఎఫ్‌సీకి వెళ్లాడు.

అయితే యూఎఫ్‌సీ ఒక్కటే గమ్యం కాదు. డెర్రీ కుర్రాడు పాల్ హ్యూస్ కేజ్ వారియర్స్ బెల్టు గెలిచాక 2024లో యూఎఫ్‌సీకి పోటీ సంస్థ అయిన పీఎఫ్‌ఎల్‌ను ఎంచుకున్నాడు. 2025 జనవరిలోనే దుబాయ్‌లో ఛాంపియన్ ఉస్మాన్ నుర్మగొమెదోవ్‌తో టైటిల్ పోరు దొరికింది. ఓడినా, పేరు మోగింది.

సంతకానికి ముందు ఒప్పందాన్ని ఒక లాయరుకు చూపించమనండి, మేనేజరుకు మాత్రమే కాదు.