ఖాళీ రాడ్ కూడా బరువుగా ఉంటే ఛాతీ బలం ఎలా పెంచుకోవాలి?

జిమ్‌లో చేరి నెల దాటింది, బెంచ్ ప్రెస్‌లో (బెంచ్ మీద వెల్లకిలా పడుకుని రాడ్‌ను ఛాతీ మీది నుంచి పైకి నెట్టడం) ఖాళీ రాడ్ కూడా నాలుగైదు సార్లకు మించి లేవడం లేదు, మర్నాడు భుజాలు నొప్పెడుతున్నాయి గానీ ఛాతీలో ఏమీ తెలియడం లేదు, ఇంకే ఎక్సర్‌సైజులు కలపాలి అని అడిగారు.

ఛాతీకి ఇంకేమీ కలపకండి. ముందు ఉన్నదాన్ని సరిచేసుకోవాలి. ప్లేట్లు లేనంత మాత్రాన రాడ్ తేలిక కాదు, ఒలింపిక్ రాడ్ ఒక్కటే 20 కిలోలు. కొత్తవాళ్లకు అది బరువే, అందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

మా తమ్ముడు డిగ్రీ చదివేటప్పుడు అచ్చంగా ఇలాగే ఉండేవాడు. కొన్ని వారాలు వాణ్ణి బెంచ్ దగ్గరికే రానివ్వలేదు, దండీలు తీయించాను. మొదట గోడకు చేతులు ఆనించి, తర్వాత బల్ల మీద, చివరికి నేల మీద. నేల మీద దండీ తీసేటప్పుడు మన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చేతుల మీద పడుతుంది. అంటే 60 కిలోల మనిషి 40 కిలోల దాకా నెడుతున్నట్టే. నడుము జారకుండా పది, పన్నెండు దండీలు వచ్చాక వాడికి రాడ్ కష్టమనిపించలేదు.

ఇక భుజాల నొప్పి. మీ ప్రశ్నలో అసలు విషయం ఇదే. చేతిని పక్క నుంచి ముందుకు, లోపలికి తేవడం ఛాతీ కండరం పని. భుజాలు ముందుకు వంగిపోతే ఆ పని భుజం ముందు కండరం మీద పడుతుంది. అందుకే పడుకోగానే వీపు మీది రెక్క ఎముకలను వెనక్కి, కిందికి లాగి బెంచ్‌కు నొక్కి పెట్టండి. సెట్ అయ్యేదాకా వదలొద్దు. పాదాలు నేల మీద గట్టిగా ఆనాలి. మోచేతులను భుజాలకు సమంగా అడ్డంగా తెరవకుండా కాస్త ఒంటికి దగ్గరగా ఉంచండి. రాడ్ మెడ వైపు కాదు, ఛాతీ కింది సగం మీదికి దిగాలి. పైకి లేచేటప్పుడు కొంచెం వెనక్కి వాలుతూ భుజాల మీదికి వస్తుంది. దించడం నెమ్మదిగా చేస్తే ఛాతీలో పట్టు మీకే తెలుస్తుంది. ఎవరితోనైనా పక్క నుంచి వీడియో తీయించుకుని చూడండి, అద్దంలో ఇదంతా కనపడదు.

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ. ఆపకుండా ఎనిమిది నుంచి పది సార్లు (రెప్స్) ఎత్తితే ఒక సెట్, అలా మూడు సెట్లు, ఇంకో రెండు లేస్తాయనిపించగానే ఆపేయాలి. మూడు సెట్లలోనూ పది వస్తే అటూ ఇటూ 1.25 కిలోల ప్లేట్లు వేయండి. పక్కవాడు వేశాడని మీరు 10 కిలోల ప్లేట్లు వేయొద్దు. ఛాతీకి ఎన్ని సెట్లు చేస్తే వీపుకు కూడా అన్ని రోయింగ్ (బరువును ఒంటి వైపు లాగడం) సెట్లు చేయండి. భుజాలు ముందుకు లాక్కుపోకుండా ఉండటానికి అది సాయపడుతుంది.

ఒంటరిగా చేస్తుంటే రాడ్ చివర్ల క్లిప్పులు పెట్టకండి. ఇరుక్కుపోతే ఒక పక్కకు వంచి ప్లేట్లు జార్చి బయటపడొచ్చు. బొటనవేలు మాత్రం తప్పకుండా రాడ్ చుట్టూ ఉండాలి. జారితే రాడ్‌ను ఆపే సేఫ్టీ రాడ్లున్న ర్యాక్ ఖాళీగా ఉంటే అదే మేలు.

తిండి గురించి ఒక్క మాట. బలం పెంచుకునేవాళ్లకు కిలో బరువుకు సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. రోజూ పప్పన్నం తింటున్నాం కదా అనుకుంటాం, కానీ పలుచటి పప్పు ఒక గరిటెలో వచ్చేది చాలా తక్కువ. ఒక గుడ్డులో 6 గ్రాములు, 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 25 దాకా ఉంటాయి. పౌడర్ డబ్బా కొనే ముందు ఇవి చూడండి.

కండరాల్లో సలుపు రెండు మూడు రోజుల్లో పోతుంది. భుజం కీలు ముందు భాగంలో సూదిలా గుచ్చితే ఆపేసి డాక్టర్‌కు చూపించండి.

మీ బరువెంతో, నేల మీద ఇప్పుడు ఎన్ని దండీలు వస్తున్నాయో రాయండి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో దాన్ని బట్టి చెప్తాను.