పని నేర్పింది నేను, పోస్టు వచ్చింది అతనికి

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మాది మిర్యాలగూడ. బీకాం రెండో ఏడాదిలో పెళ్లయి చదువు ఆగిపోయింది. 2016 నుంచి ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తున్నాను. లారీల చిట్టీలు, హమాలీల లెక్క, జీఎస్టీ బిల్లులు అన్నీ నా మీదే. జీఎస్టీ కొత్తలో పక్క మిల్లు గుమాస్తాను అడిగి నేర్చుకున్నాను. కిందటేడు వచ్చిన అబ్బాయికి పని నేర్పింది నేనే. డిగ్రీ ఉందని అతన్ని అకౌంటెంట్‌ని చేసి, నాకంటే ఎక్కువ జీతం ఇస్తున్నారు. డిగ్రీ పూర్తి చేస్తానంటే మా ఆయన "ఉన్న జీతం సరిపోతలేదా? ఇప్పుడు చదివి ఏం జేస్తవ్?" అంటున్నాడు. పిల్లలు ఆగమైతరని అత్తమ్మ గొడవ. నా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి ఫీజుకూ అడగాల్సిందే. నాదే అత్యాశేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, అత్యాశ అన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. చేస్తున్న పనికి తగ్గ పేరు, జీతం అడుగుతున్నారు, అంతే.

మీ పని గురించి మీరు రెండు ముక్కల్లో రాసి ఊరుకున్నారు. జీఎస్టీ 2017 జులైలో వచ్చింది. పెద్ద పెద్ద వ్యాపారులే తల పట్టుకున్న రోజులవి. అప్పుడు మీరు ఒకరిని అడిగి, సొంతంగా నేర్చుకున్నారు. మళ్లీ 2022 జులైలో, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకైతే 5 శాతం పన్ను అన్నారు. దాంతో 26 కిలోల బస్తాలు బజారులోకి వచ్చాయి. ఏ బస్తాకు ఏ బిల్లు రాయాలి, నెలనెలా 11వ తేదీలోపు అమ్మకాల రిటర్ను, 20వ తేదీలోపు పన్ను రిటర్ను ఎలా పంపాలి అన్నవి తెలిసి చేస్తే దాన్ని అకౌంటెంట్ పనే అంటారు. ఇందులో మీరు చేసేవన్నీ ఒక కాగితం మీద వివరంగా రాయండి. ఆ కాగితం ముందు మీ కోసం, తర్వాత సేటు కోసం.

సేటుతో మాట్లాడడానికి వడ్లు దిగే రోజులు పనికిరావు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో ఆయనకు తల ఎత్తే తీరిక ఉండదు. మధ్యలో పని సన్నగిల్లినప్పుడు కూర్చోబెట్టి అడగండి: "డిగ్రీ అయ్యేలోపు నా జీతం ఎంత పెంచుతారు? అయ్యాక ఏ పోస్టు ఇస్తారు?" ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ జీతం ఇవ్వకూడదని 1976లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి మీకు తెలిసి ఉండాలి. అయితే మొదటి మాటే చట్టంతో మొదలుపెట్టొద్దు. మీ పనే మీ తరఫున గట్టిగా మాట్లాడుతుంది.

చదువుకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో దేశంలో మొదట వచ్చిన సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. మీలా మధ్యలో ఆపేసినవాళ్ల కోసమే పెట్టారు. తెలుగులోనే చదవొచ్చు. పాత మార్కుల మెమోలు వెంట తీసుకెళ్లి, మొదటి ఏడాది చదువు లెక్కలోకి వస్తుందేమో అడగండి. మిర్యాలగూడ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కనుక్కోండి. అక్కడ కుదరకపోతే నల్గొండ నాగార్జున ప్రభుత్వ కళాశాలకు వెళ్లండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో 2023 డిసెంబరు నుంచి ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టే కదా, ఛార్జీల బెంగ లేదు. తరగతులు ఎక్కువగా ఆదివారాలే.

అసలు చిక్కంతా ఆ ఆదివారం దగ్గరే ఉంది. "చదువుకోనా?" అని అడిగితే మీ ఆయనకు వద్దనడం చాలా తేలిక. అలా అడగకండి. "ఆదివారం పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా పిల్లల్ని నువ్వు చూడాలి. రోజూ రాత్రి అన్నాలయ్యాక ఒక గంట నన్ను ఎవరూ పిలవొద్దు" అని చెప్పండి. అప్పుడాయన ఈ రెండింటి గురించే మాట్లాడాల్సి వస్తుంది. ఒక ఆదివారం కుదరదంటే ఇంకో ఏర్పాటు ఆలోచించవచ్చు. అత్తమ్మ భయం పిల్లల గురించి. మీరు చదివే గంటలోనే వాళ్లనూ పుస్తకాలతో పక్కన కూర్చోబెట్టుకోండి. నాలుగు రోజులు కళ్లారా చూస్తే ఆమె గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. పెద్దావిడ చేత్తో టీ కూడా రావొచ్చు, నేను చాలా ఇళ్లలో చూశాను.

ఏటీఎం కార్డు విషయంలో మాత్రం మెత్తబడొద్దు. నెలంతా కష్టపడే మనిషి తన ఫీజుకు చేయి చాచడం నాకు బాధగా ఉంది. "ఇంటి ఖర్చుకు ఇంత ఇస్తాను, కార్డు నా దగ్గరుంటుంది" అని మెల్లగా, స్పష్టంగా చెప్పండి. ఖాతాకు ఆయన ఫోన్ నంబరు ఉంటే బ్యాంకుకు వెళ్లి మీ నంబరు పెట్టించుకోండి. ఆయన ససేమిరా అంటే, చేయి చేసుకుంటే ఊరుకోవద్దు. భార్య సంపాదన ఆమెకు అందకుండా చేయడాన్ని 2005 నాటి గృహహింస చట్టం ఆర్థిక హింస అంటుంది. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. మీ ఉత్తరం చూస్తే అంతవరకు రాదనే అనిపిస్తోంది.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

ఇక సేటు ఎంతకీ దిగిరాకపోతే, ఇన్నేళ్ల అనుభవానికి సర్టిఫికెట్ రాయించుకోండి. మిర్యాలగూడ చుట్టూ ఉన్నవన్నీ మిల్లులే. జీఎస్టీ రిటర్నులు వేసే ఆడిటర్ల ఆఫీసులూ ఉన్నాయి. మీరు రాసుకున్న ఆ కాగితం తీసుకుని వాళ్లను అడగండి. ఇక్కడ మానేయడం మాత్రం అక్కడ ఖాయమయ్యాకే.