వంద సంతకాలకు కాబూల్‌లో బడి తెరుస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అఫ్గానిస్తాన్ ఆడపిల్లల చదువు కోసమని మా అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుంటోంది. ఆన్‌లైన్ ఇంగ్లిష్ క్లాసులో పరిచయమైన కాబూల్ అమ్మాయి ఫొటోతో పోస్టర్ కూడా చేసింది. మావారేమో "వంద సంతకాలకు తాలిబన్లు బడి తెరుస్తారా? ముందు లెక్కలు చూసుకోమను" అంటున్నారు. మానెయ్యమని చెప్పనా?
– ఒక తల్లి, మడిపాక్కం, చెన్నై

జవాబు: ముందు ఆ పోస్టర్ తీయించెయ్యండమ్మా, మిగతాది తర్వాత. మీ లిఫ్టు పక్కన అంటించిన ఫొటోని ఎవరైనా సెల్లులో తీసి గ్రూపులో పెడితే అది కాబూల్ చేరడానికి ఎంతసేపు? ఇబ్బంది పడేది ఆ పిల్ల, వాళ్ల ఇంట్లోవాళ్లు. ముఖం, పేరు, వీధి ఏదీ బయటికి రాకూడదు.

మీవారి మాట కొట్టిపారేసేదేం కాదు. తాలిబన్లు సంతకాలకు కరిగే రకం కాదు. 2022 మార్చి 23న ఆడపిల్లల హైస్కూళ్లు తెరుస్తామని వాళ్లే చెప్పారు. పిల్లలు నల్ల యూనిఫాం, తెల్ల స్కార్ఫు వేసుకుని వెళ్లారు. కొన్ని గంటల్లోనే ఇళ్లకు పొమ్మన్నారు. ఆ డిసెంబరులో యూనివర్సిటీలు, 2024 డిసెంబరులో నర్సింగు, మంత్రసాని కోర్సులు కూడా బందు. ఇప్పుడు ఆడపిల్లకి ఆరో తరగతితో సరి. నేను ముప్పై ఏళ్లు ఇక్కడి బడిలో తెలుగు చెప్పాను. ఆరో తరగతి తప్పామని ఏడ్చినవాళ్లని చూశాను. అక్కడ కొందరు పిల్లలు బడి వదల్లేక, పాసైన ఆరో తరగతే మళ్లీ చదివారట. అది చదివిన రోజు పేపరు మడిచి పక్కన పెట్టేశాను, కాఫీ కూడా చల్లారిపోయింది.

అయితే సంతకాలు దండగా? ఎవరికి పంపుతున్నామో చూసుకోవాలి. మనకి తెలియనిదా! 2006 చట్టంతో ఇక్కడి బళ్లలో తమిళం తప్పనిసరి అయింది. అది పదో తరగతి దాకా వచ్చేసరికి తెలుగు పిల్లల తల్లిదండ్రులకి ఒకటే టెన్షన్. నేనూ కాగితాలు పట్టుకుని తిరిగాను. చివరికి 2016లో హైకోర్టు ఆ ఏడాదికి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ బాధకీ ఈ బాధకీ పోలిక లేదులెండి, కానీ వినాల్సినవాళ్ల దగ్గరికి వెళ్తేనే పని జరిగిందని చెబుతున్నా.

మీ అమ్మాయి వినతిపత్రం మీద 'తాలిబన్లకు' అని ఉంటే కొట్టేసి, మన విదేశాంగ మంత్రికీ మీ ఎంపీకీ రాయమనండి. 2025 అక్టోబరులో తాలిబన్ల విదేశాంగ మంత్రి ఢిల్లీ వచ్చినప్పుడు మొదటి ప్రెస్‌మీట్‌లో ఆడ విలేకరులు లేరు. గొడవైతే రెండు రోజులకి పిలిచారు. అంటే ఢిల్లీలో అడిగితే కాస్తయినా కదలిక ఉంటుంది. అడిగేది కూడా జరిగే పని అయ్యుండాలి. విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్పులిచ్చే మన ప్రభుత్వ సంస్థ ఐసీసీఆర్, అఫ్గాన్ విద్యార్థులకి ఆన్‌లైన్ కోర్సులకీ స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. వాటిలో ఆడపిల్లలకి సీట్లు పెంచమనండి. వీసాల మాటా రాయండి. మగతోడు లేకుండా 72 కిలోమీటర్లు దాటి వెళ్లొద్దని ఆంక్ష ఉన్న ఆడపిల్లకి ఇంట్లో కూర్చుని చదివే సీటే అక్కరకొస్తుంది.

లెక్కలు వారమంతా, సంతకాలు ఆదివారం. ప్రతి సంతకం పక్కన ఫ్లాట్ నంబరు, పిన్‌కోడు రాయించండి. ఎంపీ ఆఫీసులో ముందు చూసేది వీళ్లు మన ఓటర్లేనా అని.