ముందు కుర్చీ జరపండి, డ్యాక్ సంగతి తరువాత

ప్రశ్న: నాలుగు మీటర్ల పొడవు, అంతే వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిని సంగీతం వినడానికే కేటాయించుకున్నాను. స్పీకర్లు, యాంప్లిఫైయర్ మంచివే. అయినా బాస్ గిటార్‌లో కొన్ని స్వరాలు గదంతా హోరెత్తిస్తాయి, మరికొన్ని ఎటు పోతాయో తెలియదు. గాయకుల గొంతులోనూ స్పష్టత తక్కువే. స్పీకర్ల ముందు భాగం వాటి వెనుక ఉన్న గోడకు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంది. నా కుర్చీ వెనుక గోడకు ఆని ఉంటుంది. ఇప్పుడున్న డ్యాక్ తీసివేసి మేలురకం కొనాలనుకుంటున్నాను. ఎలాంటిది ఎంచుకోవాలి?

జవాబు: కొలతలు కూడా రాసి పంపడం మంచిదైంది, వాటివల్ల మీ డబ్బు మిగిలే అవకాశం ఉంది. డిజిటల్ సంకేతాన్ని విద్యుత్ తరంగంగా మార్చే డ్యాక్ ఓ మోస్తరుదైనా సరే, వినిపించే పౌనఃపున్యాలన్నింటినీ దాదాపు సమానంగానే అందిస్తుంది. ఒక స్వరాన్ని పెంచి పక్క స్వరాన్ని మింగే స్వభావం దానికి లేదు. ఆ పని చేసేది గది. మంద్రస్వరాల్లో గది కలిగించే హెచ్చుతగ్గులు పది డెసిబెల్స్ దాటడం మామూలే.

ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం ఏ తరంగదైర్ఘ్యంలో సగమవుతుందో, ఆ పౌనఃపున్యం వద్ద గది తనంతట తాను మోగుతుంది. మీ నాలుగు మీటర్లకు అది 43 హెర్ట్జ్. దానికి రెట్టింపైన 86 వద్ద మళ్లీ మోగుతుంది. బాస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మీద మొదటి మెట్టు నొక్కితే పలికే ఎఫ్ స్వరం 43.7 హెర్ట్జ్, దాని పైస్థాయి ఎఫ్ 87.3 హెర్ట్జ్. మీ చెవిని ఇబ్బంది పెడుతున్నవి చాలావరకు ఇవే అయి ఉండాలి. పొడవు, వెడల్పు ఒకటే కావడంతో అవే అంకెలు రెండు దిక్కులా పునరావృతమవుతాయి. చదరపు గదులకు చెడ్డపేరు రావడానికి కారణం ఇదే.

ఇక కుర్చీ. గది అలా మోగే (అనునాద) సమయంలో గాలి ఒత్తిడి గోడల దగ్గరే అత్యధికంగా ఉంటుంది కనుక, గోడకు ఆని కూర్చున్న మీకు ఆ రెండు హోరులూ పూర్తి బలంతో వినిపిస్తున్నాయి. గది సరిగ్గా మధ్యకు వస్తే 43 హెర్ట్జ్ దాదాపు మాయమై 86 మాత్రం అలాగే నిలుస్తుంది, కనుక అదీ మంచి చోటు కాదు. వెనుక గోడ నుంచి ఒకటిన్నర మీటర్ల దగ్గర మొదలుపెట్టి, పరిచయమున్న పాటను మళ్లీ మళ్లీ వింటూ, ఒక్కో జాన చొప్పున ముందుకు వెనక్కు జరిగి చూడండి. ఇంత తేడా ఏ పెట్టె మార్చినా రాదు.

కనిపించకుండా పోతున్న స్వరాలకు కారణం స్పీకర్ వెనుక గోడ కావచ్చు. స్పీకర్ నుంచి వెనక్కు వెళ్లిన మంద్రధ్వని 80 సెంటీమీటర్లు పోయి, అంతే దూరం తిరిగి వచ్చేసరికి 107 హెర్ట్జ్ వద్ద అర తరంగం ఆలస్యమై, నేరుగా వచ్చే ధ్వనిని కొట్టివేస్తుంది. 110 హెర్ట్జ్ ఉన్న ‘ఏ’ (A) అనే స్వరం పలచబడేది అందుకే. దీన్ని ఈక్వలైజర్‌తో (ఎంచుకున్న పౌనఃపున్యాలను పెంచే, తగ్గించే సాధనంతో) పూడ్చబోకండి: పది డెసిబెల్స్ పెంచాలంటే పది రెట్లు వాట్లు కావాలి, పెంచినదంతా గోడ నుంచి కూడా పెరిగే తిరిగి వస్తుంది. హోరును తగ్గించడానికి మాత్రం ఈక్వలైజర్ చక్కగా పనికొస్తుంది. కొలిచే మైకు ఒకటి, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఊహలతో పని లేకుండా ఇదంతా గ్రాఫ్‌లో కనిపిస్తుంది.

గొంతు మసకబారడం వేరే సంగతి. దాన్ని ఎక్కువగా చెడగొట్టేవి పక్కగోడల మీద పడి వెంటనే చెవిని చేరే తొలి పరావర్తనాలు. మీరు కుర్చీలో కూర్చుని, మరొకరిని గోడ వెంట అద్దం జరపమనండి. స్పీకర్ అద్దంలో ఎక్కడ కనిపిస్తుందో అక్కడ పది సెంటీమీటర్ల మందమున్న గ్లాస్‌వూల్ లేదా రాక్‌వూల్ పలకను గుడ్డ చుట్టి, గోడకు కొంచెం ఎడంగా నిలపండి. మందం తగ్గించవద్దు. పలచని ఫోమ్ తారస్వరాలను మాత్రమే పీల్చి హోరును అలాగే వదిలేస్తుంది కనుక, అలాంటి గది అంతకు ముందుకన్నా అధ్వానంగా వినిపిస్తుంది. నూరు హెర్ట్జ్ తరంగం పొడవే దాదాపు మూడున్నర మీటర్లు. దానిని అదుపు చేయడానికి మూలల్లో నేల నుంచి పైకప్పు దాకా ముప్పై సెంటీమీటర్లకు తగ్గని మందం కావాలి. హార్వర్డ్‌లో 1895లో, మాటలు అర్థం కాని ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేసే పని భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సబైన్‌కు అప్పగిస్తే, ఆయన పక్క నాటకశాల నుంచి కుర్చీ మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని వేస్తే ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచాడు. గది ధ్వనిశాస్త్రానికి పునాది పడింది అక్కడే.

ప్రశ్న: సీడీ నాణ్యత పాతబడిందనీ, 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లు ఆడే పరికరమే కొనాలనీ అంటున్నారు. నిజమేనా?

జవాబు: 1982లో మార్కెట్‌లోకి వచ్చిన సీడీ సెకనుకు 44,100 నమూనాలు తీసుకుంటుంది, అందువల్ల అందులో సగమైన 22,050 హెర్ట్జ్‌కు లోపలి ధ్వనులను నమోదు చేయగలదు. మనిషి చెవి హద్దు 20,000, అదీ చిన్న వయసులో. సీడీలోని 16 బిట్లకు, అతి మెల్లని ధ్వనికీ అతి బిగ్గరైన ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ వ్యాప్తి లభిస్తుంది. ప్రశాంతమైన గదిలోనూ ముప్పై డెసిబెల్స్ చప్పుడు ఉంటుంది కాబట్టి, ఆ వ్యాప్తినంతా వినాలంటే చెవి భరించలేనంత బిగ్గరగా పెట్టాలి. 24 బిట్ల ఉపయోగం ప్రధానంగా రికార్డింగ్ చేసేవారికే. హై-రెజల్యూషన్ ప్రతి ఎక్కడైనా మెరుగ్గా వినిపిస్తే, దాన్ని వేరుగా మాస్టరింగ్ (విడుదలకు ముందు ధ్వనిని తుదిగా దిద్దే పని) చేసి ఉండవచ్చు.

రెండు డ్యాక్‌లను పోల్చేటప్పుడు ధ్వని స్థాయిని మీటరుతో సమానం చేయనిదే తీర్పు ఇవ్వకండి. అర డెసిబెల్ బిగ్గరగా ఉన్నదే మెరుగని చెవి నమ్ముతుంది. మీ టీవీకి, కంప్యూటర్‌కు తగిన ఇన్‌పుట్లు, మంచి వాల్యూమ్ నియంత్రణ, వీలైతే గది లోపాలను సరిదిద్దే డీఎస్‌పీ (డిజిటల్ సంకేతాన్ని లెక్కలతో మార్చే వ్యవస్థ) ఉన్న పరికరానికి అదనపు ఖర్చు పెట్టడం నాకు అర్థవంతంగా తోస్తుంది.

ప్రశ్న: గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే ధ్వని బాగుపడుతుందా?

జవాబు: పడదు. పలచని అట్ట పీల్చగలిగేది అత్యల్పం, పక్కింటికి పోయే శబ్దాన్ని అసలు ఆపదు, పైగా నిప్పు త్వరగా అంటుకుంటుంది. ఇప్పటికే అంటించి ఉంటే తీసివేయండి.