ముక్కు ఎటు, దారి ఎటు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: విమానం తోకకు రడ్డర్ అనే కదిలే నిలువు పలక ఉంటుంది కదా. మలుపు తిరగడానికి అది తిప్పితే చాలదా? రెక్కలు ఎందుకు వాలుస్తారు?

జవాబు: చాలదు. రడ్డర్ ముక్కును పక్కకు తిప్పుతుంది. దీన్ని యా అంటారు. ముక్కు తిరిగినా విమానం మాత్రం దాదాపు పాత దారినే అడ్డంగా జారుతూ పోతుంది. దారి మారాలంటే పక్కకు లాగే బలం కావాలి. అంత బలం ఉన్నది రెక్కలు పైకి ఎత్తే బలానికే, అంటే లిఫ్ట్‌కే. రెక్కల వెనక అంచున కదిలే పలకలతో, అంటే ఎయిలరాన్లతో, విమానాన్ని ఒక పక్కకు వాలిస్తే, అంటే రోల్ చేస్తే, లిఫ్ట్ కూడా వాలి మలుపులోకి లాగుతుంది. పైకి ఎత్తే భాగం ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి తోకలోని అడ్డ పలక అయిన ఎలివేటర్‌తో ముక్కు కాస్త ఎత్తాలి. ఇది పిచ్. 60 డిగ్రీలు వాల్చి, ఎత్తు కోల్పోకుండా తిరగాలంటే రెక్కలు విమానం బరువుకు 2 రెట్లు మోయాలి. అప్పుడు మామూలుగా 50 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే, అంటే రెక్కలపై గాలి ప్రవాహం విడిపోయి లిఫ్ట్ పడిపోయే, విమానం 71 నాట్లకే స్టాల్ అవుతుంది.

మరి రడ్డర్ దేనికంటారా? ఎడమకు వాల్చినప్పుడు కుడి ఎయిలరాన్ కిందికి దిగుతుంది. ఆ రెక్కకు లిఫ్ట్‌తో పాటు డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, కూడా పెరిగి ముక్కును కుడికి, అంటే మలుపుకు ఎదురుగా, గుంజుతుంది. ఎడమ పెడల్ తొక్కి దాన్ని సరిదిద్దాలి. విమానం అడ్డంగా జారుతోందా అని చూపడానికి కాక్‌పిట్‌లో ద్రవం నింపిన గొట్టంలో ఒక బంతి ఉంటుంది. అది ఏ పక్కకు జరిగితే ఆ పక్క పెడల్ తొక్కడం పద్ధతి. దిగేముందు చివరి మలుపులో, తక్కువ వేగంలో, రడ్డర్ మోతాదు మించితే లోపలి రెక్క ముందు స్టాల్ అయి విమానం స్పిన్‌లో పడుతుంది, అంటే గిర్రున తిరుగుతూ కిందికి పడిపోతుంది. అక్కడ కోలుకునేంత ఎత్తు ఉండదు.

ప్రశ్న: రోల్, పిచ్, యా అని మూడు కోణాలుండగా వ్యోమనౌకల్లో దిశ చెప్పడానికి క్వాటర్నియన్ పేరుతో నాలుగు అంకెలెందుకు?

జవాబు: కోణాలతో పాటు ఏ వరుసలో తిప్పారో కూడా చెప్పాలి. ఫోన్‌ను తెర పైకి ఉండేలా బల్ల మీద పెట్టండి. పైఅంచును 90 డిగ్రీలు ఎత్తి, తర్వాత ఫోన్ పొడవు అక్షం చుట్టూ 90 డిగ్రీలు కుడికి తిప్పండి. ఫోన్ నిలువుగా ఉంటుంది. ఇప్పుడు అవే రెండు తిప్పుళ్లను, ఫోన్ సొంత అక్షాల చుట్టూనే, వరుస మార్చి చేయండి. ఈసారి పొడవాటి అంచు మీద అడ్డంగా నిలుస్తుంది.

విమానాలకు యా, పిచ్, రోల్ అన్నది స్థిరపడ్డ వరుస. పిచ్ 90 డిగ్రీలకు చేరితే యా, రోల్ అక్షాలు ఒకే గీత మీదకు వస్తాయి. ఏది ఎంతో విడదీయలేం, లెక్కలో సున్నాతో భాగించాల్సి వస్తుంది. ఒకదానిలో ఒకటి తిరిగే చట్రాల్లో, అంటే గింబల్స్‌లో, ఇలాగే జరిగితే దాన్ని గింబల్ లాక్ అంటారు. అపోలో నౌకలో, నౌక ఎటు తిరిగినా దిశ మారకుండా నిలిచే గైరో వేదికకు గింబల్స్ మూడే. మధ్యది 70 డిగ్రీలు దాటితే హెచ్చరిక దీపం వెలిగేది. లాక్ అయితే నక్షత్రాలు చూసి వేదికను మళ్లీ సరిచేసుకోవాల్సిందే.

హామిల్టన్ 1843లో కనిపెట్టిన క్వాటర్నియన్లకు ఈ బెడద లేదు. వాటికి వేరే జాగ్రత్తలున్నాయి. నాలుగు అంకెల వర్గాల మొత్తం 1 ఉండాలి. లెక్కలో దశాంశాలు కత్తిరించే కొద్దీ ఆ మొత్తం 1 నుంచి పక్కకు జరుగుతుంది కనుక తరచూ సరిచేయాలి. నాలుగింటి గుర్తులూ తిరగేసినా దిశ అదే. ఇది చూసుకోకపోతే 10 డిగ్రీలు తిరగాల్సిన నౌక 350 డిగ్రీలు చుట్టి వస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు స్కేలార్‌ను, అంటే నాలుగింటిలో అక్షాన్ని కాక కోణాన్ని మాత్రమే తెలిపే అంకెను, ముందు రాస్తాయి, కొన్ని చివర. రెంటినీ కలిపేటప్పుడు ముందుగా వెతకాల్సిన తప్పు ఇదే.

ప్రశ్న: ఉపగ్రహం ముఖం తిప్పితే కక్ష్య మారుతుందా?

జవాబు: చక్రాలతో తిప్పితే మారదు.

ప్రశ్న: ఏమిటా చక్రాలు? గాలి లేనిచోట ఎలా తిప్పుతాయి?

జవాబు: రియాక్షన్ వీల్స్. మోటారు చక్రాన్ని ఒక వైపు వేగంగా తిప్పితే నౌక నెమ్మదిగా రెండో వైపు తిరుగుతుంది. మూడు దిశలకు మూడు చాలు, నాలుగోది ఏటవాలుగా అదనం. సూర్యకాంతి ఒత్తిడి లాంటి చిన్న బలాలు నిరంతరం ఒకే పక్కకు నెడుతుంటే, వాటిని ఎదుర్కొనే చక్రం వేగం పెరిగి పెరిగి గరిష్ఠానికి చేరుతుంది. ఇక అది పనిచేయదు. చిన్న రాకెట్లైన థ్రస్టర్లు పేల్చి, లేదా భూమికి దగ్గరైతే విద్యుదయస్కాంతాలతో, ఆ వేగాన్ని దించాలి. అయస్కాంతాలతో ఒక చిక్కుంది: భూ అయస్కాంత క్షేత్ర రేఖ చుట్టూ అవి నౌకను తిప్పలేవు.

కెప్లర్ టెలిస్కోప్ నాలుగు చక్రాల్లో రెండు 2013 నాటికి పాడయ్యాయి. సూర్యకాంతి ఒత్తిడి రెండు పక్కలా సమంగా పడేలా నౌకను నిలిపి, మిగిలిన రెంటితోనే పని కొనసాగించారు. జపాన్ ఎక్స్‌రే టెలిస్కోప్ ఉపగ్రహం హిటోమికి 2016లో చక్రాలు బాగానే ఉన్నాయి, తెలివిడి తప్పింది. నిశ్చలంగా ఉన్న నౌక గంటకు 21.7 డిగ్రీలు తిరుగుతోందని దాని కంప్యూటర్ లెక్కగట్టింది. లేని తిరుగుడును ఆపబోయి చక్రాలు నౌకను నిజంగానే తిప్పాయి. కాపాడాల్సిన థ్రస్టర్లకు పంపిన అమరిక విలువలూ తప్పే. దాంతో వేగం ఇంకా పెరిగి సోలార్ ప్యానెళ్లు విరిగిపోయాయి.