ఈమ్ గ్రామ మ్యూజియం చూడదగ్గదేనా? నా అనుభవం

షెఫీల్డ్‌కు వస్తున్న మీ అమ్మానాన్నలకు లండన్‌లోని పెద్ద మ్యూజియాలు కాకుండా ఒక పల్లె చరిత్రను కాపాడుకుంటున్న చిన్న చోటు చూపించాలనుందని, తీరా వెళ్తే శ్రమ వృథా అవుతుందేమోనని అడిగారు. చాలా ఏళ్లుగా ఈ నగరంలో ఉంటూ, మా ఇంటికి వచ్చిన బంధువులను అక్కడికి తీసుకెళ్తూ వచ్చినవాడిగా చెబుతున్నాను: డెర్బీషైర్ కొండల్లోని ఈమ్ గ్రామానికి తప్పక వెళ్లండి.

అక్కడి మ్యూజియం 1994లో ఒక పాత మెథడిస్టు ప్రార్థనా మందిరంలో మొదలైంది. స్థానికులే స్వచ్ఛందంగా నడుపుతారు. దానికి ఒక ముఖ్య ఆధారం ఆ పారిష్, అంటే ఒక చర్చి పరిధిలోని జనం, తమ గురించి రాసిపెట్టుకున్న వివరాలు. ఇంగ్లండ్‌లో ప్రతి పారిష్ చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు నమోదు చేయాలని 1538లో ఆజ్ఞ వెలువడింది. మన కరణాల కవిలెల్లాగే ఈ రిజిస్టర్లు కూడా మామూలు మనుషుల పేర్లను నిలబెట్టాయి.

ఈమ్‌కు అవి ఎందుకంత ముఖ్యమంటే, 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ఒక దర్జీ ఇంట్లోకి ప్లేగు ప్రవేశించిందని ఊరి కథనం. మరుసటి ఏడాది వేసవిలో చర్చి గురువు విలియం మాంపెసన్, అంతకుముందు పదవి కోల్పోయిన ప్యూరిటన్ (చర్చిలో మరింత సంస్కరణ కోరిన ప్రొటెస్టెంట్ వర్గం) గురువు థామస్ స్టాన్లీ, మతపరమైన విభేదాలున్నా ఒక్కమాట మీద నిలబడి, చుట్టుపక్కల ఊళ్లకు వ్యాధి పాకకుండా పొలిమేర దాటవద్దని జనాన్ని ఒప్పించారు. చర్చి మూసి ఆరుబయట ప్రార్థనలు జరిపారు. ఎవరి మృతులను వారే పూడ్చుకున్నారు. సుమారు 260 మంది చనిపోయారు, వారిలో మాంపెసన్ భార్య కేథరిన్ కూడా ఉన్నారు.

ఈ సంగతులు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. అయితే మ్యూజియంలో పేర్లు, కుటుంబాలు చదువుకుని బయటికొస్తే, చర్చి పక్కనే ఆ కుటుంబాల ఇళ్లు, వాటి ముందు చనిపోయినవారి పేర్లున్న ఫలకాలు కనిపిస్తాయి. రాజధానిలోని ఎంత గొప్ప మ్యూజియమైనా ఇవ్వలేనిది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల గుండా నడిస్తే సరిహద్దు రాయి వస్తుంది. బయటివాళ్లు తెచ్చిపెట్టే తిండికి బదులుగా ఆ రాతి గుంటల్లో వెనిగర్ పోసి నాణేలు ఉంచేవారట. ఆ గుంటల్లో వేలు పెట్టి చూడండి. అంచులు అరిగి నున్నగా ఉంటాయి. ఊరికి తూర్పున రైలీ సమాధులున్నాయి. 1666 ఆగస్టులో ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి ఎనిమిది రోజుల వ్యవధిలో భర్తనూ ఆరుగురు బిడ్డలనూ పోగొట్టుకుని, వారిని ఒంటరిగా పూడ్చిన చోటది. మా అమ్మ అక్కడ చాలాసేపు మాట్లాడలేదు.

చాలామంది సందర్శకులు ప్లేగు భాగం చూసి వెళ్లిపోతారు, అది నాకు బాధగా ఉంటుంది. బతికినవారు ఊరిని ఎలా నిలబెట్టుకున్నారో, సీసం గనులు, నేతపని వారికి ఎలా కూడు పెట్టాయో చెప్పే భాగానికి కూడా సమయం ఇవ్వండి. అక్కడున్న స్వచ్ఛంద సేవకులను మొహమాటపడకుండా అడగండి. నాకు రైలీ దారి చెప్పడానికి ఒక పెద్దావిడ వీధిలోకి వచ్చి మరీ మలుపు చూపించారు.

చలికాలంలో మ్యూజియం మూసి ఉంటుంది కాబట్టి తెరిచే రోజులు ముందుగా చూసుకుని బయలుదేరండి. రైలీకి వెళ్లే దారి ఎత్తుగా ఉంటుంది. మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే చర్చి, ఇళ్లు, మ్యూజియం చూపించి, రాతి దగ్గరికీ సమాధుల దగ్గరికీ నడవగలిగినవారే వెళ్లిరావడం మంచిది.